కడప నీళ్ళు, కొళాయి పిడి – ఒక చిన్న చరిత్ర

చరిత్ర అనగానే శాసనాలూ, కోటలూ, కైఫీయతులూ మనసులో మెదులుతాయి. కడప జిల్లాకు వాటి కొదవ లేదు. తెలుగు శాసనాలలో తొలినాటివిగా చెప్పుకునే ఎర్రగుడిపాడు, కలమళ్ళ శాసనాలు ఇక్కడివే. గండికోట, సిద్ధవటం కోటలు ఇక్కడివే. వాటిని గురించి పెద్దలు రాశారు, రాస్తూనే ఉన్నారు. ఎవరూ అంతగా పట్టించుకోని ఒక చిన్న వస్తువు చరిత్రను ఈ వ్యాసంలో ముచ్చటించదలచాను. అది ఇంటి కొళాయి పిడి. అందులోనూ తిప్పితే తిరగని, లాగితే ఊడిరాని కొళాయి పిడి.

నవ్వుకోకండి. కడపలో కాస్త పాతబడిన ఇళ్ళలో ఇటువంటి కొళాయి ఒక్కటైనా లేని ఇల్లు నేను చూసింది తక్కువ. దొడ్లోనో, మిద్దె మీదనో, స్నానాల గదిలోనో ఒకటి ఉంటుంది. నీళ్ళు వదిలే వేళకు తెరుచుకోదు, తెరుచుకుంటే పూర్తిగా కట్టుబడదు. సాలుకు సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడే ఊళ్ళో ఈ రెండూ నష్టమే. లోపల అరిగిన వాచరు మార్చాలన్నా, కారుతున్న చోట నార చుట్టాలన్నా ముందు పైనున్న పిడి ఊడిరావాలి. అది రాదు. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు సుత్తి అందుకుంటారు. పిడి పగులుతుంది, లేదా గోడలోని పైపే కదిలిపోతుంది. ఒక పూట పని కాస్తా గోడ పగలగొట్టేదాకా వెళుతుంది.

పిడి ఎందుకు బిగుసుకుంటుంది? అది తెలిస్తే ఊడదీసే ఉపాయం దానంతట అదే తెలుస్తుందని నా నమ్మకం. ఆ కారణం వెతుక్కుంటూ పోతే ఇంగ్లండులోని ఒక కార్ఖానా, మన కాళ్ళకింది రాయి రెండూ ఈ చిన్న పిడి దగ్గర కలుసుకుంటాయి.

ముందు మాట సంగతి చూద్దాం. మా సీమలో కొళాయి అంటాము. కోస్తాలో కుళాయి అనీ పంపు అనీ అంటారు. తెలంగాణలో నల్లా అంటారు. కొళాయి తమిళంలోని కుళాయ్‌కి దగ్గరి చుట్టం, దానికి అర్థం గొట్టం. తమిళంలో వేణువును కుళల్ అంటారు. మన పిల్లనగ్రోవిలోని క్రోవి కూడా ఆ కుటుంబానికి చెందినదేనని భాషావేత్తలు చెబుతారు. ఇక నల్లా హిందుస్తానీ నల్ నుంచి వచ్చింది, దాని వెనక రెల్లుగడ్డి కాడను చెప్పే సంస్కృత పదం ఉన్నది. అంటే తెలుగువాళ్ళు దేశానికొక మాట వాడినా అన్నిచోట్లా గొట్టానికే పేరు పెట్టుకున్నారు. నీటిని ఆపే భాగానికి, అంటే చేత్తో పట్టుకుని తిప్పే దానికి, ప్రత్యేకంగా పేరు కుదరలేదు. కత్తికున్నట్టే దీనికీ పిడి అని సరిపెట్టుకున్నాము. పేరు లేని వస్తువును గురించి ఎవరూ ఆలోచించరు కాబోలు.

కడప 1800లో నిజాం ఇంగ్లీషువారికి ధారాదత్తం చేసిన సీడెడ్ జిల్లాలలో ఒకటి. అప్పటినుంచి 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు ఏలుబడిలోనే ఉన్నది. మద్రాసు నగరానికి రెడ్ హిల్స్ చెరువు నీళ్ళు 1872లో చేరాయి. అంతకు ఒక ఏడాది ముందు, 1871లో, కడప మీదుగా పోయే మద్రాసు రైలుమార్గం రాయచూరు చేరి బొంబాయి మార్గంతో కలిసింది. ఇనుప గొట్టాలూ, ఇత్తడి కొళాయిలూ, వాటితోపాటు ఈ తమిళపు మాటా మనకు మద్రాసు వైపునుంచే వచ్చాయని అనుకోవడం సహజం.

మాట సంగతి అది. ఇక లోపలి మర సంగతి. గొట్టంలో నీటిని ఆపడం చాలా పాత విద్య. రోమనులు కంచు కొళాయిలు వాడారు. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిదలో కప్పుబడిపోయిన పాంపే నగరంలో అవి దొరికాయి. వాటి పనితనం అర్థం కావాలంటే మన వీణను తలచుకుంటే చాలు. వీణ తలదగ్గర తంతులు బిగించే బిరడాలు ఉంటాయి కదా, ఒకవైపు లావుగా, రెండోవైపు సన్నగా. రోమను కొళాయిలో కూడా అలాంటి కంచు బిరడా ఒకటి అలాంటి రంధ్రంలోనే ఇమిడి ఉంటుంది. బిరడాకు అడ్డంగా ఒక బెజ్జం. బెజ్జం గొట్టానికి ఎదురుగా వస్తే నీరు పోతుంది, పావుచుట్టు తిప్పితే ఆగిపోతుంది. ఈ పద్ధతి వందల ఏళ్ళు సాగింది.

పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు పట్టణాలలో రోజుకు కొంతసేపే వదిలే నీటిని రాత్రింబవళ్ళూ ఒత్తిడితో వదలడం మొదలైంది. బిరడా కొళాయిలు ఆ ఒత్తిడికి నిలవలేదు. అరిగి కారేవి. పైగా పావుచుట్టుతో ఠక్కున మూసేసరికి గొట్టంలో పరుగెడుతున్న నీరు ఒక్కసారిగా ఆగి గొట్టాన్నే సుత్తితో కొట్టినట్టు అదరగొట్టేది. దీనికి విరుగుడుగా రాథరాం పట్టణంలోని గెస్ట్ అండ్ క్రైమ్స్ అనే సంస్థ 1845లో మరకొళాయిని తెచ్చింది. పిడి తిప్పితే మరకాడ మెల్లగా కిందికి దిగుతుంది, దాని కొసనున్న తోలు బిళ్ళ నీరొచ్చే రంధ్రం మీద కూర్చుంటుంది. ఆ తోలు స్థానంలో తరవాత రబ్బరు వచ్చింది. మనం వాచరు అంటున్నది దాన్నే. కడప ఇళ్ళలో నాలుగైదు చుట్లు తిప్పి మూసే ప్రతి కొళాయీ ఈ రాథరాం కొళాయి సంతానమే.

ఆ మరకు కూడా ఒక చరిత్ర ఉంది. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు 1841లో మరచుట్లన్నిటికీ ఒకే కోణం ఉండాలని, అది 55 డిగ్రీలు కావాలని ప్రతిపాదించాడు. మన భారత ప్రమాణం ఐఎస్ 554 ప్రకారం నీటిగొట్టాల మరలకు నేటికీ అదే కోణం. 1956 చట్టంతో దేశంలోకి మెట్రిక్ కొలతలు వచ్చినా, కడపలో ఇనుపసామాన్ల అంగడికి పోయి ఎవరూ మిల్లీమీటర్లలో కొళాయి అడగరు. అర అంగుళమనీ ముప్పావనీ అడుగుతారు. చిత్రమేమంటే ఆ అర అంగుళం కొళాయి మరను కొలిస్తే వెలుపలి అడ్డుకొలత 21 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అంటే ముప్పావు అంగుళం కన్నా ఎక్కువ. అర అంగుళమన్నది ఒకనాటి ఇనుపగొట్టం లోపలి బోలు కొలత. గొట్టాలు మారినా పేరు అలాగే నిలిచిపోయింది.

మరకొళాయిలో మన కథకు ముఖ్యమైన చోటు వేరొకటి ఉంది. మరకాడ కొళాయి ఒంట్లోనుంచి పైకి వచ్చి పిడిని మోస్తుంది. కాడ చుట్టూ సందు ఉండక తప్పదు, లేకపోతే అది తిరగదు. ఆ సందులోంచి నీరు పైకి ఎగబాకకుండా నార చుట్టి పైన ఒక నట్టు బిగిస్తారు. మన ప్లంబర్లు దీన్ని గ్లాండు అంటారు. ఒకప్పుడు కొవ్వు పట్టించిన జనపనార చుట్టేవారు, తరవాత రాతినార వచ్చింది. ఈ రాతినార అనే ఆస్బెస్టాస్ మన పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె గనులలో దొరికినదే. ఊపిరితిత్తులకు అది చేసే చెరుపు బయటపడ్డాక దాన్ని వదిలేశారు. ఇప్పుడు వాడే తెల్లని టెఫ్లాన్, రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1938లో అనుకోకుండా కనుగొన్న పదార్థం.

నార ఏదైనా కొన్నాళ్ళకు అరుగుతుంది. అరిగిన నారలోంచి కాడ వెంబడి ఒక చెమ్మ పైకి వస్తుంది. చుక్క రాలేంత కూడా ఉండదు, కంటికి ఆనదు. ఇంగ్లండులో ఐతే ఆ చెమ్మ చాలాకాలం చెమ్మగానే ఉంటుందేమో. కడపలో అలా కాదు. అందుకు మన రాయిని గురించి చెప్పుకోవాలి.

కడప రాయి దేశమంతటికీ తెలుసు. వంటింటి గట్లకూ, అలమరలకూ, అరుగులకూ వాడే నల్లని నాపబండను ఎక్కడో ఉత్తరాదిలో కూడా కడప అనే పిలుస్తారు. ఊరిపేరే రాతిపేరైపోయింది. భూగర్భ శాస్త్రంలోనూ అంతే. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం ప్రకటించిన నాటినుంచి ఈ ప్రాంతపు శిలాక్షేత్రానికి కడప పేరే స్థిరపడింది. అడుగు పొరల వయసు దాదాపు 190 కోట్ల సంవత్సరాలు. అందులో వేంపల్లె పేరున్న పొర డోలమైటు, అంటే మెగ్నీషియం కలిసిన సున్నపురాయి. పైన కర్నూలు సముదాయంలో నార్జి పేరుతో పిలిచే సున్నపురాయి ఉంది. మన నాపబండలలో ఎక్కువభాగం ఆ జాతివే. ఎర్రగుంట్ల, చిలమకూరు పరిసరాలలో సిమెంటు కార్ఖానాలు వెలిసింది కూడా ఈ సున్నపురాయి కోసమే.

వాననీరు నేలలో ఇంకేటప్పుడు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుంటుంది. దానితో నీటికి కొద్దిగా పులుపుగుణం వస్తుంది. ఆ నీరు సున్నపురాతి పగుళ్ళలో ఏళ్ళతరబడి తిరుగుతూ రాతిని కొంచెం కొంచెంగా కరిగించుకుంటుంది. బోరులోంచి మనం తోడుకునేది ఈ రాతినీటినే. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు అని మన ఆడవాళ్ళు ఎప్పటినుంచో చెబుతున్నది దీన్ని గురించే. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగే నీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే దిక్కు లేనిచోట 600 దాకా ఒప్పుకుంటారు.

ఆ నీరు గాలి తగిలే చోటికి రాగానే కథ తిరగబడుతుంది. కలిసిన వాయువు ఎగిరిపోతుంది, నీరు ఆవిరౌతుంది, కరిగిన రాయి మళ్ళీ రాయి ఔతుంది. ఈ పని కడప పక్కనే ఎంత పెద్ద ఎత్తున జరిగిందో చూడాలంటే బిలం గుహలకు పోవాలి. కొలిమిగుండ్ల దగ్గర, ఒకప్పటి కర్నూలు జిల్లాలో, 2022నుంచి నంద్యాల జిల్లాలో ఉన్నాయవి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో వాటిని గురించి రాశాడు. 1982–83లో డేనియల్ గెబౌర్ బృందం లోపలికి దిగి పటాలు గీసింది. కొలిచిన పొడవు 3,229 మీటర్లు. సున్నపురాతిని నీరు కరిగించి గుహలు తొలిచింది, ఆ నీరే చుక్కచుక్కగా రాలుతూ పైకప్పునుంచి రాతి ఊడలు దింపింది. మన కొళాయి మూతికి పట్టిన తెల్లని గారకూ ఆ ఊడలకూ పదార్థంలో పెద్ద తేడా లేదు, రెండూ ప్రధానంగా కాల్షియం కార్బనేటే.

ఇప్పుడు పిడి దగ్గరకు వద్దాం. గ్లాండులోంచి ఎగబాకిన చెమ్మ కాడ తలదగ్గర, పిడి లోపలి పళ్ళ మధ్యకు చేరుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండకు అక్కడే ఆరిపోతుంది. నీరు పోయి రాయి మిగులుతుంది. మరునాడు మళ్ళీ చెమ్మ, మళ్ళీ ఎండ. లీటరుకు 500 మిల్లీగ్రాముల కాఠిన్యమున్న నీరు పూర్తిగా ఆవిరైతే లీటరుకు అరగ్రాము దాకా గార మిగలాలి. పిడికీ కాడకూ మధ్యనున్న వెంట్రుకవాసి సందు నిండడానికి అందులో పిసరంత చాలు. దీనికి తోడు లోహాల పేచీ ఒకటుంది. కాడ ఇత్తడి. ఇప్పటి పిడులు చాలామటుకు పైన మెరుగుపూత పూసిన జింకు మిశ్రమం. రెండు వేరు లోహాలు ఉప్పుచెమ్మలో తాకుతూ ఉంటే జింకు తినుకుపోయి తెల్లగా పొంగుతుంది, సందు ఇంకా బిగుస్తుంది.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన విషయం ఇదే. పిడి బిగుసుకున్నదంటే అంతకు చాలాకాలం ముందునుంచే గ్లాండు కారుతోందని అర్థం. ఇంట్లో ఎవరికీ కనబడని కారుడు అది. పిడిని బలవంతంగా పీకి కొత్తది తగిలించి నార మార్చకపోతే కొన్నేళ్ళకు అదీ బిగుసుకుంటుంది.

మా ఇంట్లో మిద్దెమెట్ల కింది కొళాయి ఒకటి ఇలాగే మొరాయించింది. మా పెద్దమ్మ వేళ్ళు కీళ్ళనొప్పులతో సరిగా వంగవు. ఆ కొళాయిని ఆమె తిప్పలేక కొంచెం తెరిచే ఉంచి కింద బక్కెట పెట్టేది. బక్కెట నిండాక నీరు కాలవపాలు. ఇంట్లో అందరం తిప్పగలిగినవాళ్ళమే గనుక ఆ కొళాయి చెడిపోయిందన్న సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తోచలేదు. ఒకనాడు పిలిపించిన పెద్దవయసు ప్లంబరు, సుత్తి కోసం లేవబోయిన మా తమ్ముణ్ణి ఆపి, “కొట్టగాకబ్బీ, నానబెట్టు. తుప్పు కాదది, మన కడప రాయి. రాయిని కొడితే పలుగుతాది, నానితే వదుల్తాది” అన్నాడు. ఆయన చేసిన పద్ధతికి నేను చదివి తెలుసుకున్న కారణాలు జోడించి ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మొదట మిద్దెమీది ట్యాంకు నుంచి వచ్చే వాల్వు మూసి, ఆ వరసలో వేరే కొళాయి తెరిచి గొట్టంలో నీరు పోనివ్వాలి. తూము రంధ్రంలో గుడ్డ కుక్కాలి, చిన్న మరచీల అందులో పడితే దొరకదు. పిడి నెత్తిన ఎర్రదో నీలిదో చిన్న బిళ్ళ ఉంటుంది, బ్లేడు మొనతో అంచు లేపితే వస్తుంది. దాని అడుగున మరచీల. బిళ్ళ లేని పిడులకు పక్కన చిన్న చీల ఉంటుంది. చీల గాడిలో గార పట్టి ఉంటే ముందు సూదితో గీకి శుభ్రం చేయాలి. గాడికి సరిపోయే స్క్రూడ్రైవరే వాడాలి. చిన్నదానితో తిప్పితే గాడి చెడుతుంది, ఆ తరవాత ఎవరొచ్చినా కష్టమే.

చీల వచ్చాక కూడా పిడి కదలదు. ఇక్కడే నానబెట్టడం. ఇత్తడి బిందెలకు వాడినట్టు చింతపండు వాడవచ్చు కదా అని మా పెద్దమ్మ అడిగింది. ఇత్తడి మీది కిలుముకు చింతపండు దివ్యంగా పనిచేస్తుంది, గారకు మాత్రం అంతగా చేయదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం సున్నంతో కలిస్తే ఏర్పడే లవణం నీటిలో సరిగా కరగదు, అక్కడే పేరుకుంటుంది. నిమ్మరసం దానికన్నా మేలు. అంగట్లో దొరికే తెల్ల వెనిగరు అన్నిటికన్నా మేలు. అందులోని ఎసిటిక్ ఆమ్లం గారతో కలిసి ఏర్పరచే లవణం నీటిలో తేలికగా కరిగి కొట్టుకుపోతుంది. గుడ్డపేలికను వెనిగరులో తడిపి పిడి మొదట్లో చుట్టి, చీల ఉన్న రంధ్రంలో నాలుగు చుక్కలు వేసి, పైన ప్లాస్టిక్ సంచి కట్టాలి. అరగంటకొకసారి చూస్తూ ఉండాలి. మరీ రాత్రంతా వదిలితే మెరుగుపూత మచ్చలు పడుతుంది.

బాత్‌రూము కడిగే యాసిడ్ వేస్తే తొందరగా కరుగుతుంది కదా అని కొందరు అంటారు. గారతోపాటు జింకు పిడినీ, పూతనూ అది తినేస్తుంది. దాని ఆవిరి కళ్ళకూ ఊపిరికీ చెరుపు. పొరబాటున బ్లీచింగు పౌడరుతో కలిసిందా, క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. ఇంట్లో ఆ జోలికి పోకపోవడమే క్షేమం.

నానిన తరవాత వెనిగరు కడిగేసి పిడి మీద కాగిన నీళ్ళు పోయాలి. వేడికి జింకు ఇత్తడికన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది. బయట ఉన్నది జింకు పిడి, లోపల ఉన్నది ఇత్తడి కాడ గనుక సందు కొంచెం విచ్చుకుంటుంది. మంట పెట్టకూడదు. లోపలి రబ్బరు, ప్లాస్టిక్ కాలిపోతాయి. ఆపైన సందులో డబ్ల్యుడి-40 వంటి పలచని నూనె వేసి కాసేపు ఆగాలి. అది 1953లో అమెరికాలో శాన్ డియేగోలో తయారైన సరుకు. అది లేకపోతే కాసింత కిరసనాయిలులో యంత్రాల నూనె కలిపి వాడుకోవచ్చు. పాత మెకానిక్కుల పద్ధతి అది. నూనె గారను కరిగించదు, గార కరిగిన దారిలో జారుడునిస్తుంది. అందుకే ముందు పులుపు, తరవాత నూనె. ముందే నూనె వేస్తే పులుపు లోపలికి దిగదు.

అప్పుడు పిడిని రెండు చేతులతో పట్టుకుని పక్కపక్కలకు కొద్దికొద్దిగా ఊపుతూ పైకి లాగాలి. కొయ్యముక్కతో చుట్టూ మెల్లగా తట్టవచ్చు. ఒకే దిక్కున బలంగా మెలిపెట్టకూడదు, కాడ విరుగుతుంది. గుడ్డ అడ్డం పెట్టి రెండువైపులా రెండు చెంచా కాడలతో సమంగా ఎత్తడం ఇంకో పద్ధతి. దానికీ రాకపోతే పుల్లరు కావాలి. ఇది సీమలో దొరకని వస్తువు కాదు. బోర్ల మోటార్లకు తీగ చుట్టే అంగళ్ళలో బేరింగులు లాగడానికి రెండు కాళ్ళ పుల్లరు ఉంటుంది. చిన్నది అడిగి తెచ్చుకోవచ్చు. దాని కాళ్ళు పిడి కిందికి తగిలించి, నడిమి మర కాడ నెత్తిన ఆనించి తిప్పితే పిడి నిటారుగా పైకి వస్తుంది. మొదలే పిడిని బిగించిన మర, ఇంకొక మరతోనే విడివడుతుందన్నమాట.

మా మెట్లకింది కొళాయికి పుల్లరు దాకా అవసరం రాలేదు. రెండోసారి కాగిన నీళ్ళు పోశాక పిడి పుటుక్కున లేచివచ్చింది. లోపలి పళ్ళ నిండా తెల్లని గార, గోరుతో గీకితే పొడిపొడిగా రాలింది. దేనికీ రాకపోతే చివరిమార్గంగా రంపంతో పిడిని ఒకపక్క నిలువునా కోసి విడదీయాలి. పిడి పోయినా కాడ మిగులుతుంది. కాడ విరిగితే కొళాయే పోతుంది.

పిడి వచ్చాక అసలు పని మొదలు. గ్లాండు నట్టును పానాతో కొంచెం బిగించి చూడాలి. పాత నార పొడిబారి ఉంటే తీసి టెఫ్లాన్ చుట్టాలి. బాగా పాత కొళాయిలో బూడిదరంగు నార కనిపిస్తే అది రాతినార కావచ్చు. పొడిగా గీకకుండా తడిపి తీసి పొట్లం కట్టి పారవేయడం మంచిది. కాడ పళ్ళకు కొద్దిగా గ్రీజు రాసి పిడి తగిలించాలి. గ్రీజు ఉన్నచోట చెమ్మ ఆగదు, చెమ్మ ఆగనిచోట రాయి పుట్టదు.

ఈ మధ్య మరకొళాయిలు తగ్గిపోతున్నాయి. కొత్త ఇళ్ళలో పింగాణీ బిళ్ళల కొళాయిలు వస్తున్నాయి. నున్నని రెండు బిళ్ళలు ఒకదానిమీద ఒకటి పావుచుట్టు తిరిగి నీటిని ఆపుతాయి. రోమనుల బిరడా పావుచుట్టు ఇన్ని శతాబ్దాల తరవాత వేరే రూపంలో మళ్ళీ మన వంటింటికి వచ్చిందనుకోవచ్చు. కీళ్ళనొప్పుల వేళ్ళకు ఇవి ఎంతో సుఖం. మా పెద్దమ్మకు ఇప్పుడు అలాంటిదే బిగించాము. ఐతే వాటిలోనూ లోపలి బిళ్ళల పెట్టె మార్చాలంటే ముందు పిడి ఊడాలి. కడప నీళ్ళు పింగాణీ అని చూసి జాలిపడవు, గార దానికీ పడుతుంది.

2019లో మొదలైన జల్ జీవన్ పథకం పల్లెల్లోని ఇంటింటికీ కొళాయి, మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు లక్ష్యంగా పెట్టుకున్నది. తుంగభద్ర మీది సుంకేసుల నుంచి కడప దాకా కాలువ తవ్విన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ కాలంలో ఎవరూ ఊహించని సంగతి అది. 1882లో ప్రభుత్వం ఆ కాలువను కొనేనాటికి కూడా నీరంటే బావి, వంక, ఏరు, కాలువ. గొట్టాలు వేయడం ప్రభుత్వాల పని, లెక్కలకెక్కే పని. వేసిన కొళాయి పదేళ్ళ తరవాత ఒక ముసలావిడ చేతికి తిరుగుతుందా లేదా అన్నది ఏ లెక్కలోకీ రాదు. అది ఇంట్లోవాళ్ళు చూసుకోవలసినది.

అందుచేత నాదొక మనవి. ఉగాదికి ఇల్లు కడుగుతాము కదా, ఎండలు ముదరకముందే ఆ రోజుల్లోనే ఇంట్లోని కొళాయి పిడులన్నీ ఒకసారి ఊడదీసి, గార తుడిచి, గ్రీజు రాసి మళ్ళీ తగిలించండి. బిగుసుకోనిదాన్ని ఊడదీయడానికి ఒక్కోదానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. ఇంట్లో అందరికన్నా బలం తక్కువైన చేతితో ప్రతి కొళాయినీ ఒకసారి తిప్పించి చూడండి. ఎక్కడ కారుతోందో ఆ చేతికే ముందు తెలుస్తుంది.

చివరగా మరొక్క మాట. కొళాయికి ఇన్ని పేర్లున్న మన భాషలో దాని పిడికి ఎక్కడైనా సొంతపేరు ఉండే ఉంటుందని నా ఆశ. మీ ఊళ్ళో, మీ ఇంట్లో పెద్దవాళ్ళు దాన్ని ఏమని పిలిచేవారో తెలియజేయగలరు. ఒక మంచి మాట దొరికితే అందరం వాడుకుందాం.